ఓబుళప్ప వంతు

నాగరాజు అబద్ధాలు ఆడనివాడేమీ కాదు. ఫోను మోగుతుంటే ఎత్తకుండా కూర్చుని, తర్వాత సిగ్నల్ లేదనడం, పెళ్లిలో రెండో బంతిలో కూడా తిని ఇప్పుడే వచ్చాననడం లాంటి చిల్లర అబద్ధాలు అందరిలాగే అతనూ ఆడాడు. కానీ నిక్షేపంలా ఉన్న అత్తగారిని ఆసుపత్రిలో పడుకోబెట్టడం మాత్రం అదే మొదటిసారి.

అంత పని చేయించింది మడికేరి. భార్య ప్రమీల తమ్ముడు శ్రీకాంత్‌కు హిందూపురంలో పెయింట్ల అంగడి ఉంది. కొత్త కారు కొన్నాడు. కొన్న కారుకు కొండ చూపించకపోతే ఎట్లా అని, తల్లి రుక్మిణమ్మనూ అక్కా బావలనూ ఎక్కించుకుని మూడు రోజులు మడికేరి పోయి వద్దామన్నాడు. కాఫీ తోటలు, మబ్బులు, రాజుల కోట. ప్రమీల ఆ ఫోను పెట్టేసినప్పటి నుంచి ఒకటే మాట. పెళ్లయ్యాక తిరుపతీ కదిరీ తప్ప ఇంకేమైనా చూపించావా అని. నాగరాజు గుర్తు చేసుకున్నాడు. ధర్మవరం ఆసుపత్రి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

పోవడానికి అభ్యంతరం లేదు. చెప్పుకోవడానికే మొహం లేదు. అది ఆషాఢ మాసం. కనగానపల్లి దగ్గర ఉన్న ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో శెనక్కాయలు ఒలిచి ఇత్తనం మూటలు కట్టి పెట్టారు. వాన లేదు. ఊరంతా మెడలు నొప్పి పుట్టేలా ఆకాశంకేసి చూస్తుంటే, ఒక రైతు పెండ్లాన్ని వెంటేసుకుని టూరు పోవడమా? వెనకటికి యల్లప్ప అనే ఆయన ఇట్లాగే ఇత్తే కాలంలో ఊటీ పోయివచ్చాడు. ఇప్పటికీ ఆయన ఊటీ యల్లప్పే. కూతురి పెండ్లి పత్రికలు పంచడానికి తిరిగితే, ఊటీ వాళ్లింట్లో పెండ్లంట అన్నారు తప్ప ఇంటిపేరు ఎవరూ పలకలేదు. టీ అంగడి దగ్గర కూర్చునే మనుషుల నోళ్లు నాగరాజుకు బాగా తెలుసు, ఆ నోళ్లలో అతనిదీ ఒకటి.

అందుకే పక్క సేను ఓబుళప్పతో, "మా అత్తకు బాగలేదన్నా. బెంగళూరు ఆస్పత్రిలో చేర్చినారు. రెండు మూడు దినాలు పోయొస్తాము" అని చెప్పేశాడు.

ఓబుళప్ప మనిషి గట్టివాడు, మాట తక్కువ. నాగరాజుకు ఒక ఎద్దు, ఓబుళప్పకు ఒక ఎద్దు. కరువులో చెరొకటి అమ్ముకున్నాక మిగిలిన రెండిటినీ కలిపి కాడి కట్టుకుని ఇద్దరూ సేద్యం చేసుకుంటున్నారు. ఆ ఊళ్లో ఒంటెద్దు ఇళ్లవాళ్లందరిదీ అదే పద్ధతి. ట్రాక్టర్లు ఉన్నవాళ్లు తమ పని అయ్యేదాకా ఇంకొకరి సేనులో దింపరు. కలిపి కట్టుకున్న కాడికి ఇత్తిన ప్రతిసారీ మారే వంతులుంటాయి. పోయిన ఏడు వాన పడినప్పుడు ఇత్తనం వేసే గొర్రు ముందు నాగరాజు సేనులో దిగింది. ఈ ఏడు ఓబుళప్ప వంతు. వంతు ఎవరూ తప్పరు, తప్పిస్తే ఊరు ఒప్పుకోదు. ఒక్కటే మినహాయింపు. ఏ ఇంట్లోనైనా చావో, పెద్ద జబ్బో ఉంటే వంతుతో పనిలేకుండా ఆ ఇంటి సేను ముందు. వాళ్లకు ధ్యాస ఉండదు కాబట్టి మిగిలినవాళ్లకు ఉండాలని.

ఈ సంగతి నాగరాజుకు తెలియక కాదు. అబద్ధమాడిన పొద్దు ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు, అందుకని తోచలేదు. ఎద్దును ఓబుళప్ప కొట్టంలో కట్టేసి, ఇంటి తాళం అతని భార్య యల్లక్క చేతికిచ్చి బస్సెక్కాడు.

పెనుకొండ దగ్గర కిటికీలోంచి కొండమీది కోట కనబడింది. బండలన్నీ ఎండకు కాగుతున్నాయి.

"కోట చూసేకి అంత దూరమెందుకు? ఇదిగో, ఈడ లేదా?" అన్నాడు.

"దీన్ని ఎక్కితే ఎండకు సొమ్మసిల్లి పడతాము. అప్పుడు నిజంగానే ఆస్పత్రికి పోవాల" అంది ప్రమీల. అబద్ధం సంగతి ఆమెకు తెలుసు. ఊర్లో ఏమని చెప్పావంటే, మీ అమ్మకు బాగలేదని చెప్పానన్నాడు. ఆమె ఒక నిమిషం కోపగించుకుని, చీరలు సర్దుకోవడంలో పడిపోయింది.

హిందూపురంలో శ్రీకాంత్ కారెక్కారు. మైసూరు దాటి, కుశాలనగర్ దాటి కారు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే వాన మొదలైంది. ఉరుము లేదు, మెరుపు లేదు, గాలి లేదు. వేరే పనేమీ లేనట్టు పడుతూనే ఉంది. రోడ్డుకు రెండు పక్కలా పెద్ద చెట్లు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన నల్లగా నిగనిగలాడే కాఫీ మొక్కలు. ప్రతి ఆకు చివరా నీళ్లే. కాలవల్లో, మెట్ల మీద, బస్టాండు రేకుల మీద నీళ్లే. ప్రమీల కిటికీ దించి చెయ్యి బయటపెట్టింది. నాగరాజుకు మాత్రం కడుపు రగిలిపోయింది. ఇన్ని నీళ్లు ఇట్లా పారబోసుకునేవాళ్లకు ఇంకా పోయడమేంటని.

దిగిన ఇంటి యజమాని కాఫీ తోటల ఆసామి. హిందూపురం వాళ్లకు కన్నడం కొత్తేమీ కాదు కాబట్టి శ్రీకాంత్‌తో ఆయన చాలాసేపు గోడు వెళ్లబోసుకున్నాడు. వాన ఆగడం లేదట, కాయ రాలిపోతోందట, నాలుగు రోజులు ఎండ కాస్తే చాలునట. నాగరాజు ఆయన మొహంలోకి చూశాడు. వాన వద్దనే రైతును పుట్టాక చూడడం అదే మొదలు. నవ్వాలో తిట్టాలో తెలియక కాఫీ తాగాడు. కాఫీ మాత్రం బాగుంది, ఆ మాట ఒప్పుకోక తప్పదు.

ఆ రాత్రి అందరికంటే బాగా నిద్రపోయింది రుక్మిణమ్మ. మరునాడు పొద్దున అందరికంటే ముందు తయారైందీ ఆమే. డెబ్బై దాటిన మనిషి, గొడుగు పట్టుకుని మడికేరి కోట లోపలికి కొడుకు కంటే ముందు నడిచింది. లోపల రాజుల నాటి పెద్ద మేడ ఉంది. పక్కన రెండు ఏనుగు బొమ్మలు నిజం ఏనుగులంత ఉన్నాయి. రుక్మిణమ్మ ఒకదాని తొండం మీద గొడుగు కర్రతో తట్టి, "గట్టిగానే కట్టినారు" అంది. ప్రమీల నవ్వి నవ్వి ఏనుగు కాళ్ల దగ్గర కూలబడింది. భార్య అట్లా నవ్వడం నాగరాజు చూసి చాలా ఏండ్లయింది. పోనీలే, మంచి పనే చేశాననుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"నాగరాజూ! వాన వచ్చె అప్పా!" అవతల ఓబుళప్ప అరుస్తున్నాడు. మాట తక్కువ మనిషి గొంతు ఎప్పుడూ అంత ఎత్తున వినలేదు. "రేత్రంతా కొట్టింది. మన సేండ్లలో మంచి పదును. పొద్దు నెత్తికొచ్చేసరికి గొర్రు కట్టొచ్చు."

నాగరాజు గుండె ఎగిరి గంతేసింది. ఆ వెంటనే ఓబుళప్ప అన్న మాటకు అదే గుండె జారింది.

"నువ్వేమీ దిగులు పెట్టుకోవద్దు. వంతు నాదే అనుకో. మీ ఇంట్లో బాగలేనప్పుడు వంతేంది? నీ సేను ముందు ఏసేస్తా. ఇంటి తాళం మా ఆడమనిషి దగ్గరే ఉండాది గదా, ఇత్తనం మూటలు తీసుకుంటాము."

"వద్దన్నా. నీది ముందు ఏసుకో."

"అట్లనొద్దు. రేపు నాకు బాగలేకపోతే నువ్వు చెయ్యవా? ఇంతకీ అత్తమ్మకు ఎట్లుండాది?"

అత్తమ్మ కోట మెట్ల మీద నిలబడి గట్టిగా కేకేసింది. "నాగరాజూ! ఆ పక్కన కాఫీ అంగడి ఉండాది, రా, ఇంగొకటి తాగుదాము!"

"ఎవరో పిలుస్తాండారే?" అన్నాడు ఓబుళప్ప.

"నర్సమ్మ" అన్నాడు నాగరాజు.

 ఇత్తడానికి తగ్గ తడి, ఆ పదును, ఎర్రనేలలో ఉండేది రెండు రోజులు. ఆషాఢం గాలి లేస్తే అదీ ఉండదు. మూడోనాడు గొర్రు దింపితే దుమ్ము లేస్తుంది. నాగరాజుది ఐదెకరాలు, అది అయ్యేసరికి ఓబుళప్ప నాలుగెకరాలకు పదును మిగలదు. నేను మడికేరిలో ఉన్నాను అని ఒక్క మాట చెబితే చాలు, గొర్రు ఎవరి సేనులో దిగాలో వాళ్ల సేనులో దిగుతుంది. ఫోను చెవికి ఉంది, అవతల మనిషి వింటున్నాడు. నాగరాజు నోరు తెరిచాడు. కళ్ల ముందు ఊటీ యల్లప్ప కనబడ్డాడు. టీ అంగడి కనబడింది.

"సరేన్నా" అన్నాడు.

శ్రీకాంత్ సంగతి విని, "మంచిదే గదా బావా, నీ పని అయిపోతాంది" అన్నాడు. పెయింట్ల అంగడి వాడికి పదును గురించి ఏం తెలుసు? ప్రమీల మాత్రం లేచి నిలబడింది. నవ్వంతా ఎటు పోయిందో.

"ఫోన్ చెయ్యి. ఉన్నది ఉన్నట్లు చెప్పు."

"చేస్తాలే."

"ఇప్పుడే."

చేశాడు. ఎవరూ ఎత్తలేదు. గొర్రు పట్టే మనిషి ఫోను ఇంట్లో పెట్టిపోతాడు. గొర్రు వెనక ఇత్తనం పోసేది ఆడవాళ్లు కాబట్టి యల్లక్క కూడా సేనులోనే ఉంటుంది. ప్రతి ఏడూ తన సేనులో ఇత్తనం పోసేది ప్రమీల. ఆ పూట తన చేతుల్లోంచి జారాల్సిన ఇత్తనం యల్లక్క చేతుల్లోంచి జారుతోందని తలచుకుంటే, జలపాతం దగ్గర ఫోటో దిగడానికి కూడా ఆమెకు చేతులాడలేదు. శ్రీకాంత్ ఒక్కడే దిగాడు.

దాపరికం రుక్మిణమ్మ దగ్గర ఎంతసేపు నిలుస్తుంది? కూతురి మొహం చూసి అడిగింది, కూతురు చెప్పేసింది. ముసలామె అల్లుణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నన్ను పండబెట్టినావా?"

"తప్పయిపోయింది అత్తా."

"నాకేమి తప్పు? ఇంగా నాలుగేండ్లు ఆయుస్సు పెరిగింటుంది. ఒకరి పదును తిన్నావే, అది తప్పు. పదును పోతే వాని ఏడాది పోతాదని నీకు నేను చెప్పాల్నా? ఫోను కలుపు. నువ్వు చెప్పకుంటే నేను చెప్తా."

సాయంత్రానికి యల్లక్క ఎత్తింది. "సగం పైన అయిపోయింది నాగరాజూ. రేపు మధ్యాన్నానికి నీది పూర్తయితే, ఆమీట మాది. గాలి లేకుంటే చాలు. ఎట్లుండాది మీ అత్తమ్మకు? కదిరి స్వామికి ముడుపు కట్టినా. ఆయమ్మ బాగై లేస్తే గుడికొస్తామని మొక్కుకున్నా."

పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల, ఆ బిళ్లను ముడివేస్తున్న యల్లక్క చేతులు నాగరాజు కళ్లకు కట్టాయి. ఇప్పుడు చెప్పినా, రేపు పొద్దున గొర్రు వాళ్ల సేనులో దిగుతుంది. సగమైనా దక్కుతుంది.

"అక్కా, నేను..." అన్నాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏడుస్తాండావా? అట్ల బేలపడొద్దబ్బా. నువ్వే ధైర్నంగా ఉండాల."

రుక్మిణమ్మ ఫోను లాక్కుంది. "యల్లక్కా, నేను. రుక్మిణమ్మను."

 అవతల యల్లక్క భోరుమంది. "అమ్మా! మాట్లాడ్తాండావా! నా స్వామి నా మొర ఇన్యాడు! ఇదో, ఇంటాండావా, అత్తమ్మ మాట్లాడ్తాంది!" అని ఇంట్లోని మొగుణ్ణి కేకేసింది.

నిజం చెప్తానన్న రుక్మిణమ్మకే ఆ ఏడుపు విన్నాక చెప్పడానికి మనసొప్పలేదు. వానకేసి చూసింది, అల్లుడికేసి చూసింది. చివరికి, "బాగుండా తల్లీ. మీ సేను ముందు ఏసుకోండి" అంది.

"అట్లనేమ్మా. మీది ఇంగ రవ్వంతే" అంది యల్లక్క.

ముసలామె ఫోను అల్లుడి ఒళ్లో పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి ఎవరూ కాఫీ అడగలేదు. మడికేరి వాన మాత్రం పడుతూనే ఉంది.

మరునాడు మంచులోనే బయల్దేరారు. కొండ దిగేకొద్దీ వాన సన్నబడింది, మైసూరు దాటేసరికి ఆగిపోయింది, ఆ తర్వాత గాలి మొదలైంది. ఒంటరిగా నిలబడ్డ ప్రతి తాటిచెట్టు ఆకులూ ఎటు ఊగుతున్నాయో చూస్తూ కూర్చున్నాడు నాగరాజు. హిందూపురం చేరేసరికి పొద్దుగుంకింది. తెల్లారి మొదటి బస్సెక్కారు. పెనుకొండ నుంచి ధర్మవరం దాకా దారి పొడుగునా ఎర్రటి సేండ్లలో కొత్త సాళ్లు. ఎవరి వంతులో వాళ్లు ఇత్తేసుకున్నారు.

ఇంటికి పోకుండా సంచులతోనే సేనికి పోయారు. ముందు తమ సేను వచ్చింది. ఐదెకరాలూ దారం పట్టి గీసినట్టు సాళ్లు. తను తోలినా అంత చక్కగా వచ్చేవి కావు. గట్టు దాటితే ఓబుళప్ప సేను. గట్టు పక్కన ఒక చీలిక మాత్రం తడిగా ఉంది. మిగతా సేనులో గొర్రు వెనకే దుమ్ము లేస్తోంది. ఓబుళప్ప ఇంకా తోలుతూనే ఉన్నాడు. యల్లక్క ఇత్తనం పోయడం ఆపి, చెంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"వచ్చినారా? అత్తమ్మను ఇంటికి పంపించినారా?" అన్నాడు ఓబుళప్ప, ఎద్దుల్ని ఆపి.

"అత్తకు ఏమీ కాలేదన్నా. నేను మడికేరి పోయింటి. టూరు. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆడనే ఉంటిమి. అబద్ధం చెప్పినా."

 ఓబుళప్ప ముందు ఎద్దుల్ని చూశాడు. తర్వాత గట్టుకు అవతలి సాళ్లు చూశాడు.

"ఎందుకప్పా అబద్ధం?"

"టూరు పోతాండానంటే నవ్వుతారని."

"నవ్వేవాణ్ణే" అన్నాడు ఓబుళప్ప. "కడుపు పట్టుకుని నవ్వేవాణ్ణి. నవ్వితే ఏమైతాండె?"

 యల్లక్క మాత్రం ఊరుకోలేదు. "ఆ దేవుని దగ్గర కూడా నన్ను అబద్ధాలదాన్ని చేసినావు గదా! లేని జబ్బుకు ముడుపు కడితిని. ఆయప్పకు ఇప్పుడు ఏమని చెప్పేది?" అని ఇత్తనం మూట దభీమని కింద పడేసింది. ప్రమీల పోయి ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

ఓబుళప్ప కాడి విప్పాడు. నాగరాజు ఎద్దు పగ్గం నాగరాజు చేతిలో పెట్టాడు. తన ఎద్దును తోలుకుని ఇంటిదారి పట్టాడు. ఎద్దులు రెండూ వేరే వేరే దారుల్లో పోవడానికి కాసేపు మొరాయించాయి.

ముడుపు సంగతి రుక్మిణమ్మ తేల్చింది. తనే బస్సెక్కి వచ్చి, యల్లక్క గడపలో కూర్చుని, "నేను బాగుండేది నిజమే గదా తల్లీ, ఆ మొక్కు నిజమే" అని బతిమాలి, ఆమెను వెంటబెట్టుకుని కదిరి పోయి స్వామి హుండీలో వేయించి వచ్చింది. అల్లుడి ఇంట్లో మాత్రం మంచినీళ్లు కూడా ముట్టలేదు.

నాగరాజు ఇక పేరు పడుతుందని కాచుకున్నాడు. మడికేరి నాగరాజు, కాఫీ నాగరాజు, ఏదో ఒకటి. పడలేదు. టీ అంగడికి పోతే, "మీ అత్తకు ఎట్లుండాదప్పా?" అని నలుగురూ ఆపేక్షగా అడిగారు. ఓబుళప్ప ఎవరికీ చెప్పలేదన్నమాట. రోజూ ఆ ప్రశ్నకు తల ఊపీ ఊపీ, ఒకనాడు ఉండబట్టలేక తనే అంతా చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు. ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. ఊటీ యల్లప్ప మీద ఎందుకు నవ్వారో నాగరాజుకు అప్పుడు తెలిసింది. ఆయన వల్ల ఎవరి పంటా పోలేదు.

అతని సేను పచ్చగా లేచింది. పూత పట్టింది, కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగాయి. గట్టు అవతల ఆ చీలిక తప్ప అంతా బీడు. కలుపు తీయడానికి కూర్చున్నప్పుడు నాగరాజు అటు వీపు పెట్టి కూర్చునేవాడు. ప్రమీల మాత్రం అటే తిరిగి కూర్చునేది.

భాద్రపదంలో ఒక వాన పడింది. శెనక్కాయకు కాలం దాటిపోయింది గానీ ఉలవలకు సరిపోతుంది. ఓబుళప్ప బీడంతా ఉలవలకు పనికొస్తుంది. నాగరాజుకూ పైన మిట్టమీద రెండెకరాలు ఖాళీగా ఉంది. తెల్లవారకముందే లేచి, కాడి భుజాన వేసుకుని, ఎద్దును తోలుకుని ఓబుళప్ప వాకిట్లో నిలబడ్డాడు. వెనక ప్రమీల ఉలవల మూటతో నిలబడింది. విడిపోయాక ఆ ఎద్దు ఆ వాకిట్లోకి రావడం అదే మొదలు.

ఓబుళప్ప బయటికి వచ్చాడు. "యాడికి?"

"మీ సేనికన్నా. మీది ముందు ఏసేద్దాము."

"ఆషాఢంలో వంతు నాది. ఈతూరి నీది."

"నాదేలే. అయినా మీది ముందు."

"ఎందుకు? మా ఇంట్లో ఎవరికి బాగలేదు?"

ఓబుళప్ప దెప్పిపొడవడానికి అడగలేదు. అడిగి, జవాబు కోసం నిజంగానే నిలబడ్డాడు.  ఎవరికీ బాగలేకపోవడం లేదు. అందరూ బాగానే ఉన్నారు.

"వంతంటే వంతే అప్పా" అన్నాడు ఓబుళప్ప. కొట్టంలోకి పోయి తన ఎద్దును విప్పుకొచ్చాడు. "నీ మిట్ట ముందు. నడువు."

నలుగురూ మిట్ట ఎక్కారు. యల్లక్క ఎవరితోనూ మాట్లాడకుండా, ప్రమీల చేతిలోని మూట తీసుకుని తనే ఒళ్లో పోసుకుంది. నాగరాజు గొర్రు పట్టాడు. తడి మట్టి మెత్తగా చీలుతోంది, దుమ్ము లేవడం లేదు. అతను ఎద్దుల్ని తొందరపెడుతుంటే, "నిదానం, సాళ్లు వంకర పోతాయి" అని వెనక నుంచి ఓబుళప్ప అన్నాడు. నాగరాజు నిదానించాడు. మిట్ట మీంచి చూస్తే కింద ఓబుళప్ప సేను, ఇంకా ఎర్రగా, తడిగా కనబడుతోంది. ఆ పొద్దంతా తన నేలలో గొర్రు తోలుతూనే, గాలి ఎక్కడ లేస్తుందోనని నాగరాజు ఆ సేనువైపే చూస్తూ ఉన్నాడు.